మెమరీ తరాలు: పెరిగిన ప్రవాహం, తరగని నిరీక్షణ

2021 నవంబరులో ఇంటెల్ విడుదల చేసిన పన్నెండో తరం కోర్ ప్రాసెసర్లకు ఒక అరుదైన వెసులుబాటు ఉంది. అదే ప్రాసెసర్‌ను అప్పటికి ఏడేళ్లుగా వాడుకలో ఉన్న డీడీఆర్4 మెమరీతోనూ నడపవచ్చు, అప్పుడే మార్కెట్లోకి వచ్చిన డీడీఆర్5తోనూ నడపవచ్చు. మదర్‌బోర్డు మారిస్తే సరిపోతుంది. పాత తరాన్నీ కొత్త తరాన్నీ ఒకే తూకంలో వేసి చూసే అవకాశం ఇలా మామూలుగా దొరకదు. ప్రాసెసర్, మెమరీ రెండూ కలిసి మారినప్పుడు ఏ లాభం దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం. ఆ కొలతల్లో తేలిన విషయం మాత్రం ఒక్క ముక్కలో చెప్పగలిగేది కాదు. కోర్లన్నీ ఒకేసారి పెద్ద పెద్ద సంఖ్యల పట్టికల మీద పనిచేసే శాస్త్రీయ గణనల్లో, ఫైళ్లను కుదించే పనుల్లో డీడీఆర్5 స్పష్టంగా ముందంజ వేసింది. చాలా ఆటల్లో, రోజువారీ ఆఫీసు పనుల్లో తేడా నామమాత్రంగానే మిగిలింది. కొన్నిచోట్ల మంచి టైమింగులున్న డీడీఆర్4దే పైచేయి అయింది. కొత్తది వేగవంతమైనదైతే అన్ని పనుల్లోనూ ఎందుకు గెలవలేదు? దీనికి జవాబు ఆ రెండు తరాల మధ్య వెతికితే దొరకదు. మెమరీ చరిత్ర మొత్తాన్ని చూడాలి. ఆ చరిత్ర చెప్పేది ఇదీ: డైనమిక్ ర్యామ్, అంటే డీర్యామ్, పుట్టినప్పటి నుంచి ప్రతి తరమూ సెకనుకు అందించే డేటాను రెట్లకు రెట్లు పెంచుతూ వచ్చింది. అడిగిన మొదటి బైటు చేతికందడానికి పట్టే సమయాన్ని మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంచింది. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. అంతకంటే బలంగా, యాభై ఏళ్లుగా పరిశ్రమా కొనుగోలుదారులూ కలిసి చేసుకుంటూ వచ్చిన ఎంపిక ఉంది.

మెమరీ పనితీరుకు రెండు కొలతలున్నాయి. సెకనుకు ఎన్ని గిగాబైట్లు ప్రవహిస్తాయన్నది బ్యాండ్‌విడ్త్. అడిగిన క్షణం నుంచి మొదటి బైటు వచ్చేదాకా గడిచే నానోసెకన్లు జాప్యం. కాలువను రెండింతలు వెడల్పు చేస్తే పారే నీరు రెండింతలవుతుంది. తూము ఎత్తాక తొలి నీరు శివారు పొలానికి చేరే సమయం మాత్రం సగానికి తగ్గదు. ఎకరాలకెకరాలు తడపాల్సిన రైతుకు వెడల్పు ముఖ్యం, నారుమడికి తక్షణం ఒక్క తడి కావాల్సిన రైతుకు తొలి నీరు ఎప్పుడొస్తుందన్నదే ముఖ్యం. మెమరీ పెట్టెల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే అంకె ఎప్పుడూ మొదటి కొలతదే.

ఈ రెండు కొలతలూ మొదటి నుంచీ విడివిడిగా నడవలేదు. ఒకప్పుడు కొత్త మెమరీ వస్తే అన్నీ కలిసే మెరుగయ్యేవి. 1948 జూన్ 21న మాంచెస్టర్‌లో తొలి ప్రోగ్రామును నడిపిన ‘బేబీ’ యంత్రం క్యాథోడ్ రే ట్యూబు తెర మీద విద్యుదావేశపు చుక్కల రూపంలో సమాచారాన్ని నిలుపుకునేది. దాని మొత్తం నిల్వ 32 పదాలు, ఒక్కో పదానికి 32 బిట్లు. మరుసటి ఏడాది మే నెలలో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం నడిపిన ఎడ్‌శాక్ యంత్రంలో పాదరసం నింపిన గొట్టాల గుండా ధ్వని స్పందనలు చక్కర్లు కొట్టేవి. కావలసిన పదం గొట్టం చివరికి తిరిగి వచ్చేదాకా యంత్రం ఆగాల్సిందే. ఈ రెండు పద్ధతులనూ వెనక్కు నెట్టింది ఫెర్రైట్ కోర్, అంటే చిన్న అయస్కాంత వలయాల్లో బిట్లను నిలిపే మెమరీ. ఎంఐటీలో జే ఫారెస్టర్ నాయకత్వంలో తయారైన వర్ల్‌విండ్ యంత్రం రాడార్ సంకేతాలను వచ్చినవి వచ్చినట్టే లెక్కకట్టాలి, ఆలస్యాన్ని అది భరించలేదు. 1953లో దానికి కోర్ మెమరీ అమర్చాక పదాన్ని అందుకునే సమయం సుమారు 9 మైక్రోసెకన్లకు దిగింది, యంత్రం వేగం దాదాపు రెట్టింపైంది, నమ్మకంగా పనిచేసే గంటలూ పెరిగాయి. 1964 నాటి సీడీసీ 6600 సూపర్ కంప్యూటర్‌లో కోర్ మెమరీ ఒక ఆవర్తనాన్ని ఒక్క మైక్రోసెకనులో ముగించేది. మన దేశంలోనూ ఆ తరం ఇదే దారిలో నడిచింది. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పని ప్రారంభించిన టిఫ్రాక్‌లో 40 బిట్ల పదాలు 2,048 పట్టే కోర్ మెమరీ ఉండేది. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 కంప్యూటర్ కూడా కోర్ మెమరీతోనే నడిచింది. ఆ రెండు దశాబ్దాల్లో కొత్త మెమరీ అంటే తక్కువ నిరీక్షణ అనే అర్థం నిజంగానే ఉండేది. కొత్త తరం అన్ని విధాలా వేగమైనదే అన్న ఊహకు పునాది అక్కడే పడింది.

ఆ ఊహకు కాలం చెల్లడం డీర్యామ్‌తో మొదలైంది. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఆలోచించి, 1968 జూన్‌లో పేటెంటు పొందిన నిర్మాణం అత్యంత సరళమైనది: ఒక్క బిట్‌కు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. ప్రాసెసర్ లోపల వాడే స్టాటిక్ ర్యామ్‌లో బిట్‌కు సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. అంత తక్కువ చోటులో బిట్ ఇమిడితే ధర ఏ స్థాయికి పడిపోతుందో ఊహించవచ్చు. ఆ చౌకతనానికి బదులుగా కొన్ని బరువులు నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. కెపాసిటరులోని ఆవేశం కారిపోతూ ఉంటుంది కాబట్టి డీడీఆర్4లోనైనా ప్రతి వరుసనూ మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ తాజాపరచాలి. చదివితే ఆవేశం చెదిరిపోతుంది కాబట్టి చదివిన ప్రతిసారీ తిరిగి రాయాలి. 1970 అక్టోబరులో ఇంటెల్ అమ్మకానికి తెచ్చిన 1103 చిప్పు ఇంకా బిట్‌కు మూడు ట్రాన్సిస్టర్లు వాడేది. అయినా 1,024 బిట్లను ఒక చిప్పులో పెట్టి, కొద్ది ఏళ్లలోనే కోర్ మెమరీని కొత్త యంత్రాల నుంచి తప్పించడం మొదలుపెట్టింది. దాని జాప్యం 300 నానోసెకన్లు. 1973లో మోస్టెక్ సంస్థ తెచ్చిన 4 కిలోబిట్ల చిప్పు చిరునామాను రెండు విడతలుగా, ముందు అడ్డువరుస, తర్వాత నిలువువరుస, తీసుకోవడంతో 16 కాళ్ల చిన్న ప్యాకేజీలో ఇమిడింది. నేటి డీడీఆర్5 కూడా అడ్డువరుసను ముందు తెరిచి, తర్వాతే నిలువువరుసను అడిగే పద్ధతిలోనే పనిచేస్తుంది.

1103ను నేటి చిప్పు పక్కన పెడితే ఈ చరిత్ర దిశ కళ్లకు కడుతుంది. 16 గిగాబిట్ల డీడీఆర్5 చిప్పు నిల్వ 1103 కంటే సుమారు 1.68 కోట్ల రెట్లు ఎక్కువ. నిరీక్షణ సంగతి వేరు. డీడీఆర్5-4800 మాడ్యూలులో మూసి ఉన్న వరుసను తెరిచి అందులోంచి డేటా రప్పించడానికి 30 నానోసెకన్లకు పైనే పడుతుంది. అంటే యాభై ఏళ్లలో నిల్వ కోటి రెట్లకు పైగా పెరిగితే, జాప్యం పదింతలు కూడా తగ్గలేదు. కారణం వరుస తెరవడంలోనే ఉంది. చిన్న కెపాసిటరులోని కాస్త ఆవేశం పొడవాటి తీగ మీదికి జారాలి, ఆ తీగ చివర ఉన్న యాంప్లిఫయరు ఆ స్వల్ప తేడాను ఒకటో సున్నానో తేల్చి పెంచాలి, తర్వాత దాన్ని తిరిగి కెపాసిటరులో నింపాలి. ట్రాన్సిస్టర్లు చిన్నవైన కొద్దీ ఈ పని వేగం కాదు. తీగలు సన్నబడితే నిరోధం పెరుగుతుంది, కెపాసిటరు చిన్నదైతే సంకేతం బలహీనపడుతుంది.

మరి 1990ల తర్వాత సెకనుకు వందల మెగాబైట్ల నుంచి పదుల గిగాబైట్లకు ఎలా చేరాం? ఇక్కడే పరిశ్రమ ప్రతిభ కనిపిస్తుంది. వరుస ఒకసారి తెరుచుకున్నాక అందులో వేల బిట్లు సిద్ధంగా ఉంటాయి, వాటిలో ఎన్నింటిని ఒక్క ఊపులో బయటకు తేగలమన్నదే ప్రశ్న. 1993లో ప్రమాణంగా స్థిరపడిన ఎస్‌డీర్యామ్ గడియారపు తాళానికి అనుగుణంగా ఒక్కో అడుగుకు ఒక విడత డేటా ఇచ్చేది. 2000లో వచ్చిన డీడీఆర్ లోపలి నుంచి ఒకేసారి రెండు విడతలు తీసి, గడియారపు రెండు అంచుల మీదా పంపింది. 2003 నాటి డీడీఆర్2 నాలుగు విడతలు, 2007 నాటి డీడీఆర్3 ఎనిమిది విడతలు తీశాయి. డీడీఆర్4 ఎనిమిది దగ్గరే ఆగి బ్యాంకులను, అంటే చిప్పు లోపల విడివిడిగా పనిచేయగల విభాగాలను, గుంపులుగా విడగొట్టింది, డీడీఆర్5 పదహారుకు చేరింది. వీటిలో మూడు తరాలను తీసుకుంటే విషయం తేటపడుతుంది. డీడీఆర్-400, డీడీఆర్2-800, డీడీఆర్3-1600 మాడ్యూళ్ల బ్యాండ్‌విడ్త్ వరుసగా సెకనుకు 3.2, 6.4, 12.8 గిగాబైట్లు. ఈ మూడింటి లోపలా మెమరీ గడులు పనిచేసే తాళం ఒక్కటే, 200 మెగాహెర్ట్జ్. పైకి నాలుగింతలైన వేగం లోపల ఒక్క అడుగు కూడా తొందరపడలేదు. ప్రతి అడుగుకూ మోసుకొచ్చే బరువు మాత్రమే పెరిగింది.

జాప్యం లెక్క దీన్ని మరింత గట్టిగా నిలబెడుతుంది. తెరిచి ఉన్న వరుసలోని డేటా బయటకు రావడానికి ఎన్ని గడియారపు అడుగులు పడతాయో చెప్పేది క్యాస్ లేటెన్సీ. ఆ అంకెను అడుగు నిడివితో గుణిస్తే నానోసెకన్లు తేలతాయి. ప్రతి తరంలోనూ మంచి టైమింగులతో అమ్మిన మాడ్యూళ్లను వరుసగా చూద్దాం. డీడీఆర్-400లో 2 అడుగులు, ఒక్కోటి 5 నానోసెకన్లు. డీడీఆర్2-800లో 4 అడుగులు, ఒక్కోటి 2.5. డీడీఆర్3-1600లో 8, డీడీఆర్4-3200లో 16, డీడీఆర్5-6000లో 30. గుణిస్తే ఐదింటికీ వచ్చే జవాబు 10 నానోసెకన్లే. ప్రామాణిక టైమింగులు ఇంతకంటే నెమ్మది. డీడీఆర్3-1600కు 11 అడుగులు, డీడీఆర్4-3200కు 22 అడుగులు అంటే రెండింటికీ 13.75 నానోసెకన్లు. 40 అడుగులతో వచ్చిన తొలి డీడీఆర్5-4800 మాడ్యూళ్లకు 16 నానోసెకన్లు దాటింది. ఈ లెక్క రెండు అపోహలను ఒకేసారి సరిచేస్తుంది. 3200 కంటే 6000 పెద్ద అంకె కాబట్టి ప్రతి పనీ అంతకంత వేగంగా జరుగుతుందనుకోవడం ఒకటి. క్యాస్ లేటెన్సీ 16 నుంచి 30కి పెరిగింది కాబట్టి కొత్త మెమరీ మందగించిందనుకోవడం రెండోది. అడుగుల సంఖ్య పెరిగింది, అడుగు నిడివి తగ్గింది, ప్రయాణ సమయం మారలేదు.

జాప్యం మారకపోతే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ప్రాసెసర్ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీలో 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్ మెమరీని ఒకసారి పలకరించడానికి నాలుగు అడుగులు, అంటే సుమారు 840 నానోసెకన్లు తీసుకునేది. ఆ పీసీలోని మెమరీ చిప్పులు 250 నానోసెకన్లలోనే సిద్ధమయ్యేవి. ఎదురుచూసేది మెమరీ, ఆలస్యం చేసేది ప్రాసెసర్. నేడు 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక్క అడుగు 0.2 నానోసెకను. మెమరీ కంట్రోలరు దాటి డీర్యామ్‌కు వెళ్లి తిరిగి రావడానికి 80 నానోసెకన్లు పడితే 400 అడుగులు వృథా అవుతాయి. విలియం వుల్ఫ్, శాలీ మెక్‌కీ 1995లో ప్రచురించిన చిన్న వ్యాసంలో దీన్ని మెమరీ గోడ అన్నారు. 2004లో డేవిడ్ ప్యాటర్సన్ డిస్కులు, నెట్‌వర్కులు, ప్రాసెసర్లు, మెమరీ, అన్నింటి చరిత్రనూ పోల్చి, బ్యాండ్‌విడ్త్ రెట్టింపయ్యే కాలంలో జాప్యం 1.2 నుంచి 1.4 రెట్లకు మించి మెరుగుపడలేదని తేల్చాడు. ఆ గోడను దాటించింది కొత్త డీర్యామ్ తరం కాదు, క్యాష్, అంటే తరచూ వాడే డేటాను ప్రాసెసర్ దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ. విల్క్స్ 1965లో ప్రతిపాదించిన ఈ ఆలోచన 1968లో ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85లో వాణిజ్య రూపం దాల్చింది. 1989లో ఇంటెల్ 80486 చిప్పు లోపలికే 8 కిలోబైట్ల క్యాష్ వచ్చి చేరింది. గత కొన్ని దశాబ్దాల్లో సగటు నిరీక్షణ తగ్గిందంటే, డీర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరాన్ని తగ్గించడమే దానికి ప్రధాన కారణం.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది అనుభవం నుంచి వస్తుంది: కొత్త మెమరీ ఉన్న యంత్రాలు నిజంగానే వేగంగా నడుస్తున్నాయి కదా. నడుస్తున్నాయి, బ్యాండ్‌విడ్త్ కోసం ఆకలిగొన్న పని దొరికినప్పుడు. రాంబస్ కథ దీనికి మంచి పాఠం. 1999లో ఇంటెల్ ఐ820 చిప్‌సెట్‌తో పెంటియమ్ 3కి రాంబస్ మెమరీని జతచేసింది. సెకనుకు 1.6 గిగాబైట్లు ఇవ్వగలిగినా, అంత డేటాను వాడుకునే దారి ఆ ప్రాసెసర్‌కు లేదు. ధర మాత్రం ఎస్‌డీర్యామ్‌కు కొన్ని రెట్లు. 2000 నవంబరులో వచ్చిన పెంటియమ్ 4 బస్సు సెకనుకు 3.2 గిగాబైట్లు మోయగలదు. అదే రాంబస్ రెండు ఛానళ్లలో దానికి సరిగ్గా సరిపోయింది, మరుసటి ఏడాది మామూలు ఎస్‌డీర్యామ్‌తో జతకట్టిన పెంటియమ్ 4 వెనకబడింది. ఒకే మెమరీ ఒక ప్రాసెసర్‌కు దండగ, మరో ప్రాసెసర్‌కు ప్రాణం. డీడీఆర్2 మొదటి రోజుల్లోనూ ఇదే జరిగింది. 2004లో ఇంటెల్ దానికి మారితే, ఏఎండీ 2006 దాకా డీడీఆర్‌తోనే కొనసాగింది, ఆ రెండేళ్లూ వెనకబడలేదు. మెమరీ కంట్రోలరును ప్రాసెసర్ లోపలే పెట్టుకుని జాప్యాన్ని తగ్గించుకోవడం ఏఎండీకి అక్కరకొచ్చింది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఖాళీగా ఉన్న మెమరీ జాప్యాన్ని కొలిచి తీర్పు చెప్పడం సరికాదు, నిజజీవితంలో పదుల కోర్లు ఒకేసారి అడుగుతాయి, వరుసలో నిలబడే సమయమే అసలు జాప్యం అన్నది ఆ వాదన. ఇది నిజం, ఒప్పుకోవాల్సిందే. డీడీఆర్3 చిప్పులో 8 బ్యాంకులు, డీడీఆర్4లో 16, డీడీఆర్5లో 32 దాకా ఉంటాయి. డీడీఆర్5 మాడ్యూలు 64 బిట్ల దారిని 32 బిట్ల చొప్పున రెండు స్వతంత్ర దారులుగా విడగొట్టింది. రద్దీ ఎక్కువైనప్పుడు ఇవన్నీ నిలబడే వరుసను తగ్గిస్తాయి. సర్వర్లలో కొత్త తరం నిజమైన లాభం ఇచ్చేది ఇందుకే. అయితే ఇది మూల వాదనను కొట్టేయదు, దానికి హద్దు గీస్తుంది. రద్దీ వల్ల వచ్చే నిరీక్షణను వెడల్పు తగ్గించగలదు. ఒక చిరునామాలో దొరికిన విలువే తర్వాతి చిరునామాగా మారే పనుల్లో, డేటాబేసు సూచికల్లో, గొలుసుకట్టు నిర్మాణాల్లో, ఒక అడుగు ముగిస్తేగాని రెండోది అడగలేం. అక్కడ 32 బ్యాంకుల్లో 31 ఖాళీగా కూర్చుంటాయి.

మూడో అభ్యంతరం భౌతికశాస్త్రం పేరుతో వస్తుంది: ఇంతకంటే త్వరగా చదవడం సాధ్యం కాదు కాబట్టి ఇందులో ఎంపిక ఏముంది? సాధ్యమే. తీగలను పొట్టిగా తెంచి, ఎక్కువ యాంప్లిఫయర్లు పెడితే డీర్యామ్ త్వరగా స్పందిస్తుంది. ఇన్ఫినియాన్, మైక్రాన్ కలిసి రూపొందించిన ఆర్ఎల్‌డీర్యామ్ అచ్చంగా అలాంటిదే. నెట్‌వర్క్ రూటర్ల తయారీదారులు దాన్ని కొన్నారు, ఇళ్లకూ ఆఫీసులకూ అది రాలేదు. యాంప్లిఫయర్లకు చోటు ఇస్తే అదే సిలికాన్ మీద పట్టే బిట్లు తగ్గుతాయి, బిట్ ధర పెరుగుతుంది. ఎనిమిది గిగాబైట్ల ధరకు పదహారు గిగాబైట్లు ఇచ్చే చిప్పునే మార్కెట్ ప్రతిసారీ ఎంచుకుంది. ఆ ఎంపికను తప్పుపట్టలేం. మెమరీ చాలక ప్రోగ్రాము డిస్కు దాకా వెళ్లాల్సి వస్తే కొన్ని నానోసెకన్ల ఆదా లెక్కలోకే రాదు. చౌకైన మెమరీ లేకపోతే కంప్యూటరు మధ్యతరగతి ఇంట్లోకి వచ్చేదే కాదు. చౌకదనం తెచ్చిన లాభాన్ని అనుభవిస్తూ, అది అడిగిన మూల్యాన్ని మరిచిపోవడమే పొరపాటు.

గత దశాబ్దం పైచిలుకు పరిణామాలు ఈ దారినే ఇంకా వెడల్పు చేశాయి. 2013లో ప్రమాణమైన హెచ్‌బీఎం మెమరీ చిప్పులను ఒకదానిపై ఒకటి పేర్చి, 1,024 బిట్ల దారితో ప్రాసెసర్ పక్కనే నిలబెడుతుంది. 2015లో ఏఎండీ ఫ్యూరీ ఎక్స్ గ్రాఫిక్స్ కార్డు నాలుగు దొంతరలతో సెకనుకు 512 గిగాబైట్లు ఇచ్చింది. తర్వాత వచ్చిన హెచ్‌బీఎం3ఈ ఒక్క దొంతరే సెకనుకు టెరాబైట్ దాటుతుంది. కృత్రిమ మేధ నమూనాలు ముందే తెలిసిన క్రమంలో కోట్ల సంఖ్యలను చదువుకుంటూ పోతాయి కాబట్టి వాటికి ఇది సరిగ్గా అతుకుతుంది. లోపలి గడి మాత్రం డెన్నార్డ్ గడే, దాన్ని తెరవడానికి పట్టే సమయం అదే. రెండో వైపు, 2022 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌కు 96 మెగాబైట్ల మూడో స్థాయి క్యాష్ అమర్చింది. డీడీఆర్4తోనే నడిచే ఆ ప్రాసెసర్ చాలా ఆటల్లో డీడీఆర్5 ఉన్న ఖరీదైన యంత్రాలకు దీటుగా నిలిచింది. ఎదురుచూసే పనికి మందు క్యాష్ రూపంలో దొరికింది, కొత్త డీర్యామ్ తరం రూపంలో కాదు.

అందుకే పాత మెమరీ మేలా, కొత్తది మేలా అన్న ప్రశ్నకు పని స్వభావం తెలియకుండా జవాబు చెప్పడం అన్యాయం. వీడియో కూర్పు, శాస్త్రీయ గణన, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న చవక ల్యాప్‌టాప్, అనేక కోర్ల సర్వరు, వీటికి కొత్త తరం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. మంచి టైమింగులతో డీడీఆర్4 ఉన్న యంత్రంలో ఆఫీసు పనులు చేసుకునేవారికి, ఒక తరం దాటడం కంటే మెమరీ పరిమాణం సరిపడా ఉందా, రెండు ఛానళ్లూ నిండాయా అని చూసుకోవడమే మేలు. అమ్మేవారు బ్యాండ్‌విడ్త్ పక్కనే నానోసెకన్లనూ అచ్చువేయాలి, అది కొనేవారి హక్కు. ప్రోగ్రాములు రాసేవారు మాత్రం ఈ చరిత్రను అందరికంటే ఎక్కువగా పట్టించుకోవాలి. పక్కపక్కన వాడే డేటాను పక్కపక్కనే పేర్చిన ప్రోగ్రాము ప్రతి కొత్త తరం వెడల్పునూ పూర్తిగా వాడుకుంటుంది. చిరునామాల వెంట పరుగెత్తే ప్రోగ్రాము ఎంత కొత్త మెమరీ మీద నడిచినా ఆ పది నానోసెకన్ల దగ్గరే ఆగుతుంది. పాతికేళ్లుగా డీర్యామ్ తయారీ మార్చని ఆ అంకెను తప్పించుకునే పని ఇప్పుడు వారి చేతుల్లో ఉంది.